కిడ్నీ మార్చుకున్న రైతు – ఎండ, మందులు, చర్మం



ఎప్పుడూ మిరపలో ముడత గురించో, పత్తిలో గులాబీరంగు పురుగు గురించో చెప్పే మనిషి ఈ వేళ మనుషుల జబ్బు సంగతి ఎత్తుకున్నాడేమిటని మీరు అనుకోవచ్చు. కారణం ఉన్నది. మన పల్నాటిలో కిడ్నీ మార్పిడి చేయించుకుని, మళ్లీ పొలం పనులలోకి దిగినవారు ఉన్నారు. వారు రోజూ మింగే మందులకూ, మన ఎండకూ, ఒంటి చర్మానికీ నడుమ ఒక లంకె ఉన్నది. ఆ లంకె తెలియక నాకు తెలిసిన ఒక రైతు చాలా ఇబ్బంది పడ్డాడు. అందులో నా తప్పు కూడా కొంత ఉన్నది. కాబట్టి ముందు ఆ సంగతి చెప్పి, తరువాత విషయంలోకి వస్తాను.

రెండేళ్ల కిందటి మాట. మిరప కోతల కాలం. సాగర్ కుడికాలువ కింద నాలుగెకరాల మిరప వేసిన ఒక రైతు చేలోకి వెళ్లాను. ఆయనకు యాభై దాటినై. నేను బాబాయి అని పిలుస్తాను. అంతకు పదకొండేళ్ల ముందు ఆయన కిడ్నీలు రెండూ చెడిపోతే, స్వంత అక్కగారు తన కిడ్నీ ఒకటి ఇచ్చి బతికించుకున్నది. ఆరు నెలలు విశ్రాంతి తీసుకుని, డాక్టరుగారి అనుమతితో మళ్లీ సేద్యం మొదలుపెట్టాడు. మనిషి దిట్టం. పని ఆపే రకం కాదు.

ఆ రోజు కాయ చూపిస్తుంటే ఆయన కుడి ముంజేతి మీద కందిగింజంత గట్టి పొక్కు కనిపించింది. పైన పొలుసు కట్టి ఉన్నది.

“ఇదేమిటి బాబాయి?” అన్నాను.

“ఏమో అబ్బాయి, కంప గీరుకుని ఉండిద్ది. నెల్లాళ్ల బట్టీ మానలా. నొప్పీ లేదు, దురదా లేదు” అన్నాడు.

“పురుగుమందు పడి ఉంటుంది. కొబ్బరినూనె రాయండి. కోతలైనాక ఎవరికన్నా చూపించుకోవచ్చు” అని చెప్పి వచ్చేశాను.

నేను చేసిన తప్పు అది. ఆకు మీద ఒక్క చుక్క కనిపిస్తే వెనక్కి తిప్పి భూతద్దం పెట్టి చూడమని మీకు చెప్పేవాణ్ణి, మనిషి చేతిమీద చుక్కను చూసి నూనె రాయమన్నాను. కోతలయ్యేసరికి ఆ పొక్కు రేగుపండంత అయింది. పట్నంలో ఆసుపత్రికి మామూలు పరీక్షకు పోయినప్పుడు కూడా ఆయన దాన్ని చూపలేదు. ‘కిడ్నీ డాక్టరుకు చేతి పుండుతో పనేమిటి’ అనుకున్నాడు. రక్తపోటు చూడడానికి చొక్కా చేయి పైకి మడిచినప్పుడు డాక్టరుగారి కంటపడింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. చర్మానికి వచ్చే క్యాన్సరని తేలింది. మన పెద్దలు రాచపుండు అనేది ఈ జాతి జబ్బునే.

కథ అంతటితో ఆగలేదు. ఊళ్లో ఎవరో ‘ఆ కిడ్నీ మందులే నీకు పుండు తెచ్చినై’ అన్నారు. ఆ మాట విని ఆయన ఎవరికీ చెప్పకుండా మందులు మానేశాడు. నాలుగు రోజులకు కాళ్లు వాచినై, మూత్రం తగ్గింది. కిడ్నీ ఇచ్చిన అక్కగారు కబురు విని పరుగెత్తుకొచ్చి, “నేనిచ్చిన ఆస్తిని ఇట్లా పారబోస్తావంట్రా తమ్ముడూ!” అని ఏడ్చింది. ఆ పూటే ఆసుపత్రికి చేర్చారు గనుక కిడ్నీ నిలబడింది. తరువాత చేతిమీది గడ్డను కోసి తీసివేశారు. ఇప్పుడు బాబాయి బాగానే ఉన్నాడు. పోయినేడు కూడా మిరప వేశాడు.

ఇందులో రెండు తప్పులు ఉన్నాయి. మచ్చను ఉపేక్షించడం ఒకటి, భయపడి మందు మానడం రెండవది. రెండవది మొదటిదానికంటె ప్రమాదం. ఈ రెండూ జరగకుండా ఉండాలంటే అసలు విషయం తెలిసి ఉండాలి.

మామిడికి అంటు కట్టడం మీకు తెలిసిందే. నాటు మామిడి మొక్క మీద బంగినపల్లి కొమ్మ పెట్టి కడితే అతుక్కుంటుంది. చెట్టు దాన్ని పరాయిదని తోసివేయదు. మనిషి శరీరం అట్లా కాదు. ఒక మనిషి అవయవాన్ని మరొకరిలో పెడితే, శరీరం దాన్ని పరాయిదని గుర్తుపట్టి దాడి చేస్తుంది. సూక్ష్మక్రిముల మీద దాడి చేసి మనలను కాపాడే రోగనిరోధక శక్తే ఈ పని కూడా చేస్తుంది.

అందుకనే మొట్టమొదట జయప్రదమైన కిడ్నీ మార్పిడి కవలపిల్లల నడుమ జరిగింది. 1954 డిసెంబరు 23వ తేదీన అమెరికాలో బోస్టను నగరంలో డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం ఒకే పోలిక గల కవల సోదరులలో ఒకరి కిడ్నీని మరొకరికి అమర్చింది. ఇద్దరి దేహతత్వం ఒకటే కనుక శరీరం తోసివేయలేదు. అందరికీ కవలలు ఉండరు గదా! కాబట్టి పరాయి కిడ్నీని శరీరం ఓర్చుకునేట్టు చేసే మందుల కోసం వెదికారు. 1960 తరువాత అజథయోప్రిన్ అనే మందు వాడుకలోకి వచ్చింది. మన దేశంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లో కిడ్నీ మార్పిడి జయప్రదమైంది. 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చింది. ఆ తరువాత చనిపోయినవారి అవయవాలు అవసరమైనవారికి అందేట్టు మన తెలుగు రాష్ట్రాలలో జీవన్‌దాన్ పథకం ఏర్పడింది. ఇప్పుడు గుంటూరు, విజయవాడ, హైదరాబాదులలోనే మార్పిడి చేసే ఆసుపత్రులు ఉన్నాయి.

వ్యవసాయదారులకు ఇష్టంగా ఉండే సంగతి ఒకటి చెబుతాను. ఈ మందులలో ముఖ్యమైనవి మట్టిలో నుంచి వచ్చినవే. సైక్లోస్పోరిన్ అనే మందు 1969లో నార్వే దేశపు పీఠభూమి నుంచి తెచ్చిన పిడికెడు మట్టిలో ఉన్న బూజు నుంచి దొరికింది. టాక్రోలిమస్ 1984లో జపానులో సుకూబా అనే చోటి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది. సిరోలిమస్ పసిఫిక్ సముద్రంలో రాపానూయీ అనే దీవిలో 1964లో సేకరించిన మట్టిలోనిది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేసిన లెడర్లీ సంస్థలో 1948లో వెలువడిన ఆరియోమైసిన్ మందు కూడా నేలలోని సూక్ష్మజీవి ఇచ్చినదే. మనం కాలికింద తొక్కే మట్టిలో ఎన్ని ప్రాణాలు నిలబెట్టే వస్తువులు ఉన్నాయో చూడండి.

ఇక ఈ మందులు చేసే పని ఏమిటి? అవి రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి. పూర్తిగా చంపవు, సగం నిద్రలో పెడతాయి. చేను కాపలావాడు నిద్రలో ఉంటే కొత్తగా వచ్చిన మన బంధువు మీద కర్ర ఎత్తడు. అది మనకు కావలసిందే. కాని అదే సమయంలో పంది చేలో పడ్డా లేవడు. కిడ్నీ మార్చుకున్నవారికి క్రిములు తేలికగా సోకడానికి కారణం ఇది.

కాపలావాడికి మరో పని కూడా ఉన్నది. విత్తన పొలంలో కేళీలను ఏరివేయడం మీలో చాలామందికి అనుభవమే. నాటిన రకం కాక వేరుగా పెరిగిన మొక్కలను పూతకు ముందే పీకివేయకపోతే విత్తనం అంతా చెడుతుంది. మన శరీరంలో కూడా ప్రతిరోజూ కొన్ని కణాలు దారి తప్పి పుడుతుంటాయి. రోగనిరోధక శక్తి వాటిని కేళీలను ఏరినట్టు ఏరివేస్తుంది. మందుల వల్ల ఏరేవాళ్లు తగ్గుతారు. ఒక్క కేళీ మిగిలి, అది రెండై, నాలుగై గడ్డ కడుతుంది. క్యాన్సరు పుట్టే తీరు స్థూలంగా ఇది.

అయితే చర్మానికే ఎక్కువగా ఎందుకు రావాలి? కణాలు దారి తప్పడానికి పెద్ద కారణం ఎండ. ఎండలో మనకు తగిలే వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. ఈ కిరణాలు కంటికి కనిపించవు, ఒంటికి తగిలినట్టూ తెలియదు. అవి చర్మపు కణాల లోపలి జన్యుపదార్థాన్ని, అనగా కణానికి విత్తన లక్షణం వంటి దానిని, దెబ్బతీస్తాయి. ఆరోగ్యవంతుడి కణం ఆ దెబ్బను చాలావరకు సరిచేసుకుంటుంది. సైక్లోస్పోరిన్ వంటి మందులు ఆ మరమ్మతును మందగింపజేస్తాయి. అజథయోప్రిన్ అయితే జన్యుపదార్థంలోనే కలిసి, ఎండ కిరణాలను మరింతగా పీల్చుకునేట్టు చేస్తుంది. అంటే దెబ్బలు ఎక్కువ పడతాయి, మరమ్మతు తక్కువ జరుగుతుంది, చెడిపోయిన వాటిని ఏరేవాళ్లూ తక్కువ. మూడూ కలిసి వస్తాయి.

ఎండ విషయంలో మన పల్నాటికి వేరే సాక్ష్యం అక్కరలేదు. ఎండాకాలం వచ్చిందంటే రాష్ట్రమంతా రెంటచింతల పేరు చెప్పుకుంటారు. కాని ఒక పొరపాటు పడకండి. మే నెల ఎండకు భయపడి నీడన కూర్చున్న రైతు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో హాయిగా ఉన్నదని పొద్దస్తమానం మిరప చేలోనే ఉంటాడు. వేడి తక్కువగా ఉన్నా ఆ కిరణాలు మన ప్రాంతంలో ఏడాది పొడుగునా బలంగానే ఉంటాయి. పలుచని మబ్బును కూడా దాటి వస్తాయి. కళ్లంలో పరిచిన పట్టాలు, తెల్లటి సున్నపు నేల, వరిమడిలో నిలిచిన నీరు వాటిలో కొంత భాగాన్ని మళ్లీ పైకి తిప్పి కొడతాయి. అందువల్ల నీడలో ఉన్నా కొంత తగులుతుంది.

ఇక ఈ క్యాన్సర్లలో రకాలు చూద్దాం. మూడు చెబుతాను.

మొదటిది పొలుసుకణ క్యాన్సరు. మార్పిడి చేయించుకున్నవారిలో ఎక్కువగా కనిపించే చర్మ క్యాన్సరు ఇదే. బాబాయికి వచ్చినది ఇదే. గట్టి పొక్కుగానో, పొలుసు రాలే మచ్చగానో, పులిపిరిగానో, చిన్న కొమ్ము మొలిచినట్టుగానో మొదలవుతుంది. చేతుల వెనుకభాగం, చెవులు, కింది పెదవి, మెడ, బట్టతల దీనికి ఇష్టమైన చోట్లు. నార్వేలో 1999లో ప్రకటించిన లెక్క ప్రకారం మార్పిడి చేయించుకున్నవారిలో ఇది మామూలు జనంకంటె 65 రెట్లు అధికం. ఎండ ఎక్కువగా ఉండే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మార్పిడి జరిగిన 20 ఏళ్లకు నూటికి 70 మందికి ఏదో ఒక చర్మ క్యాన్సరు వచ్చిందని 1996లో తేల్చారు. ఎండ తక్కువ గల హాలండులో అదే 20 ఏళ్లకు నూటికి 40 మంది. ఎండ ఎంత తేడా తెస్తుందో ఇందువల్ల తెలుస్తుంది.

రెండవది మెర్కెల్ కణ క్యాన్సరు. ఇది చాలా అరుదు, చాలా చెడ్డది. చర్మంలో స్పర్శకు సంబంధించిన కొన్ని కణాలను 1875లో ఫ్రెడరిక్ మెర్కెల్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. ఆ పేరే దీనికి వచ్చింది. ఎర్రగానో, ఊదారంగుగానో నున్నని గడ్డగా లేస్తుంది. నొప్పి ఉండదు. వారాలలోనే రెట్టింపు అవుతుంది. త్వరగా గజ్జల్లోనో, చంకలోనో బిళ్ల కడుతుంది. 2008లో అమెరికాలోని పిట్స్‌బర్గులో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతుల బృందం ఈ క్యాన్సరు ముక్కలు పదింటిని పరీక్షించగా ఎనిమిదింటిలో ఒక కొత్త వైరస్ కనిపించింది. వింత ఏమిటంటే, ఆ వైరస్ ఆరోగ్యవంతులైన చాలామంది చర్మం మీద కూడా ఏ హానీ చేయకుండా ఉంటుంది. చేలో తుంగ గడ్డ లోతున పడి ఉన్నట్టు ఉంటుంది. దున్నేవాడు, పీకేవాడు ఉన్నంతకాలం తల ఎత్తదు. కాపలా సన్నగిల్లితే, ఎండ దెబ్బ కూడా తోడైతే, అరుదుగా తల ఎత్తుతుంది.

మూడవది కపోసీ సార్కోమా. 1872లో మోరిట్జ్ కపోసీ అనే వైద్యుడు వర్ణించాడు. కాళ్ల మీదగాని, నోటి లోపలగాని ఊదా, ముదురు గోధుమ రంగు మచ్చలుగా వస్తుంది. దీని వెనుక కూడా ఒక వైరస్ ఉన్నదని 1994లో తెలిసింది. దాన్ని కనుగొన్నది కూడా ఆ దంపతుల బృందమే. దీని విషయంలో ఒక మంచి మాట ఉన్నది. డాక్టర్లు మందుల మోతాదు తగ్గించి, లేదా సిరోలిమస్‌కు మార్చి చూస్తే చాలామందిలో ఈ మచ్చలు వాటంతట అవే తగ్గుతాయి. 2005లో ఇటలీ వైద్యులు ఇట్లా నయమైనవారి సంగతి ప్రకటించారు.

“ఇవన్నీ తెల్లవాళ్ల జబ్బులు గదండీ, మన నల్లతోలుకు ఏమొస్తుంది?” అని మీరు అడగవచ్చు. ఈ మాటలో సగం నిజం ఉన్నది. మన చర్మంలోని నల్లరంగు పదార్థం గొడుగులా కొంత కాపాడుతుంది. అందుచేత పైన చెప్పిన లెక్కలు మనకు అట్లాగే వర్తించవు. మన దేశంలో మార్పిడి చేయించుకున్నవారి చర్మానికి తామర, గజ్జి, పులిపిర్లు వంటివే ఎక్కువగా వస్తాయి. క్యాన్సరు తక్కువ. కాని తక్కువ అంటే లేదని అర్థం కాదు. అరుదు గనుకనే ఎవరికీ అనుమానం రాదు, అనుమానం రాదు గనుకనే ఆలస్యమవుతుంది. పైగా నల్లని చర్మం మీద ఎరుపు తెలియదు. మరొక ముఖ్యమైన సంగతి. నల్లని చర్మం గలవారిలో ఈ పుండ్లు ఎండ తగలని చోట, అనగా గజ్జల్లో, మర్మస్థానాల్లో, మలద్వారం దగ్గర కూడా రావచ్చు. అక్కడ పులిపిర్లు తెచ్చే వైరస్‌కు ఇందులో పాత్ర ఉన్నది. సిగ్గుపడి దాచుకోకూడని చోట్లు అవి.

2021లో మన మిరపకు నల్ల తామరపురుగు వచ్చినప్పటి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పూత లోపల దాగిన పురుగును ముందే విదిలించి చూసినవారు కొంతైనా దక్కించుకున్నారు. పూత రాలిన తరువాత చూసినవారికి మిగిలింది అప్పు. ఈ విషయంలో కూడా ముందు చూసినవారిదే మేలు.

ఎట్లా చూడాలో చెబుతాను. నెలకు ఒక్కసారి, మొదటి తేదీన అని గుర్తు పెట్టుకోండి. స్నానం తరువాత మంచి వెలుతురులో తల నుంచి అరికాలి వరకు చూసుకోవాలి. వీపు, మెడ వెనుక, తలలో ఇంట్లోవారు చూడాలి. చెవుల వెనుక, పెదవులు, నోటి లోపల, గోళ్లు, వేళ్ల సందులు, అరికాళ్లు, గజ్జలు ఏదీ వదలరాదు. చంకల్లో, మెడకింద, గజ్జల్లో బిళ్ల ఏమైనా తగులుతుందేమో వేళ్లతో తడిమి చూడాలి.

ఈ కింది గుర్తులలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి.

నెల రోజులైనా మానని పుండు.
కొద్ది వారాలలోనే పెరిగే గడ్డ, నొప్పి లేకపోయినా సరే.
తగిలితే రక్తం కారేది, పొలుసు కట్టి రాలి మళ్లీ కట్టేది.
కొత్తగా వచ్చిన ఊదారంగు మచ్చ.
రంగు, ఆకారం మారుతున్న పుట్టుమచ్చ.
ఒకచోట పులిపిరి ఉండి అది గట్టిపడి మొదలు లావెక్కడం.

నొప్పి లేదు గదా అని ధైర్యపడవద్దు. సెగగడ్డకు నొప్పి ఉంటుంది, పండి పగిలి మానుతుంది. రాచపుండుకు మొదట నొప్పే ఉండదు. మనవాళ్లు మోసపోయేది అక్కడే.

చేయకూడనివి కూడా వినండి. పులిపిరిని బ్లేడుతో కోయవద్దు, సున్నం పెట్టి కాల్చవద్దు. ఆకుపసరు కట్టి నెలలు గడపవద్దు. మందుల షాపులో అడిగి ఏదో ఒక ఆయింట్‌మెంటు తెచ్చి రాయవద్దు. దానివల్ల పైకి తగ్గినట్టు కనిపించి లోపల పెరుగుతుంది. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సరు పాకుతుందని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. ముక్క పరీక్ష లేకుండా ఏ జబ్బో తెలియదు, ఏ జబ్బో తెలియకుండా వైద్యం లేదు. మట్టి పరీక్ష లేకుండా ఎరువు వేయవద్దని మేము మీకు చెప్పేది కూడా ఇందుకే గదా.

వైద్యం సంగతి. చిన్నదిగా ఉన్నప్పుడు చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసి తీసివేస్తే పొలుసుకణ క్యాన్సరు చాలావరకు నయమవుతుంది. ముదిరితే దగ్గరి బిళ్లలకు పాకుతుంది. మెర్కెల్ క్యాన్సరుకు కోతతోపాటు దగ్గరి బిళ్లలను పరీక్షించడం, కిరణ చికిత్స కూడా అవసరం కావచ్చు. 2017 నుంచి రోగనిరోధక శక్తిని మేల్కొలిపి మెర్కెల్ క్యాన్సరును ఎదిరించే మందులు వచ్చాయి. కాని కిడ్నీ మార్చుకున్నవారికి ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కాపలావాణ్ణి లేపితే అతను క్యాన్సరుతోపాటు కిడ్నీ మీద కూడా పడవచ్చు. అందుచేత ఆ మందులు ఇవ్వాలా వద్దా అనేది కిడ్నీ డాక్టరు, క్యాన్సరు డాక్టరు కలిసి ఆలోచించి నిర్ణయించవలసిన విషయం. జబ్బును ముందే పట్టుకుంటే చాలామందికి ఆ చిక్కు దాకా పోవలసిన అవసరం రాదు. గుంటూరు సర్వజన ఆసుపత్రిలో క్యాన్సరు విభాగం ఉన్నది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. ముందుగా మాత్రం మీ కిడ్నీ డాక్టరుగారికే చూపించండి. మీ మందుల చీటీ తెలిసినవారు ఆయనే.

క్యాన్సరు కనిపించిన తరువాత డాక్టరు మందులు మార్చవచ్చు. అజథయోప్రిన్ వాడేవారికి వేరే మందు ఇవ్వవచ్చు. సిరోలిమస్‌కు మార్చినవారిలో కొత్త పొలుసుకణ క్యాన్సర్లు తగ్గినట్టు 2012లో యూరపు వైద్యుల పరిశోధనలో తేలింది. అయితే సిరోలిమస్ అందరికీ పడదు. కోత గాయం మానడం ఆలస్యం చేస్తుంది, కొందరికి మూత్రంలో మాంసకృత్తులు పోయేట్టు చేస్తుంది. కాబట్టి మార్చవలసింది డాక్టరే. మీరుగా ఒక్క పూట కూడా మానరాదు, తగ్గించరాదు. కాలువకు గండి పడుతుందని భయపడి గేట్లన్నీ మూసేస్తే పంట ఎండిపోతుంది. నీరు ఎంత వదలాలో లస్కరుకు వదిలిపెట్టినట్టు, మందు ఎంత వేయాలో డాక్టరుకు వదిలిపెట్టండి.

ఇక పొలం పని సంగతికి వస్తాను. కిడ్నీ మార్చుకున్నవారు సేద్యం మానుకోవాలని నేను చెప్పను. సేద్యం మానితే ఇల్లు గడవదు, మనిషికి మనసూ ఊరుకోదు. పద్ధతి మార్చుకుంటే చాలును.

తెల్లవారుఝామున చేలోకి పోయి 10 గంటలలోపు నీడకు రండి. మళ్లీ సాయంత్రం 4 తరువాత పోవచ్చు. నీరు కట్టడం, గొర్రు తోలించడం, కూలీల లెక్క ఈ వేళల్లో పెట్టుకోండి. కళ్లంలో కాయ తిరగవేసే పని, మిట్టమధ్యాహ్నం మండీకి బండి ఎత్తించే పని ఇంట్లో మరొకరికి అప్పగించండి.

పొడుగు చేతుల మందపు నూలు చొక్కా, కాళ్లు కప్పే పంచె లేక ప్యాంటు వేసుకోండి. మన తలపాగా మంచిదే, కాని అది చెవులనూ మెడనూ వదిలేస్తుంది. తలపాగా కొస చెవుల మీదుగా తిప్పి మెడ కప్పండి, లేదా చుట్టూ అంచు గల టోపీ పెట్టండి. ఆడవారు కొంగు తలమీదుగా వేసి, చేతులకు పాత చొక్కా తొడుక్కోవడం మన వైపు అలవాటే. కోత కూలీలు పెట్టిన ఈ ఆచారం మంచిది, దాన్ని వదలవద్దు.

బట్ట కప్పని చోట, అనగా ముఖం, చెవులు, చేతుల వెనుక సన్‌స్క్రీన్ లేపనం రాయాలి. డబ్బా మీద 30 గాని, 50 గాని అంకె ఉన్నది తీసుకోండి. చేలోకి పోవడానికి పావుగంట ముందు ధారాళంగా రాసి, చెమటపడితే రెండు గంటలకు మళ్లీ రాయాలి. ఇది సింగారం కాదు. పైరుకు వేసే రక్షణ మందు వంటిది. ఎండ తగ్గించినందువల్ల విటమిన్ డి తక్కువైతే డాక్టరు పరీక్ష చేసి మందు ఇస్తారు.

పురుగుమందు పిచికారీ మీరు చేయకండి. చర్మం మీద పడితే పుండు పడుతుంది, పుండు పడితే క్రిమి చేరుతుంది, తరువాత ఏ పుండు ఏదో తెలియకుండా పోతుంది. బాబాయి విషయంలో నేను పొరబడింది అట్లాగే. బూజు పట్టిన గడ్డి దులపడం, పెంటపోగు తిరగవేయడం కూడా మీ పని కాదు. ఆ బూజు ఊపిరితిత్తులకు చెరుపు. చెప్పులు లేకుండా చేలో దిగవద్దు. పొగాకు ఏ రూపంలో ఉన్నా మానుకోవాలి. చుట్ట కింది పెదవికి, నోటికి చేసే కీడు అందరికీ తెలిసిందే.

ఏడాదికొకసారి చర్మవైద్యుని చేత ఒళ్లంతా చూపించుకోవాలి. ఒకసారి క్యాన్సరు వచ్చి నయమైనవారు మూడు నుంచి ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి. ఒకటి వచ్చిన చోట మరొకటి రావచ్చు.

ఇంట్లోవారికి, ఇరుగుపొరుగువారికి ఒక మాట. ఈ జబ్బు అంటుకునేది కాదు. మనిషికి వేరే చెంబు, వేరే కంచం పెట్టవలసిన పని లేదు. కిడ్నీ ఇచ్చినవారు ఈ మందులు మింగరు గనుక వారికి ఈ ప్రమాదం లేదు. బాబాయి వాళ్ల అక్కగారు ఇప్పుడు కూడా నాట్లకు పోయి తిరిగి వస్తున్నది. ప్రతి నెలా మొదటి తేదీన తమ్ముడి ఇంటికి వచ్చి, చొక్కా విప్పించి వీపు చూసిపోతుంది. “నా కిడ్నీకి నేను కాపలా ఉండాలిగా సారూ!” అన్నది నాతో.

నేను కూడా ఒక అలవాటు చేసుకున్నాను. ఏ చేనికి పోయినా ఆకు తిప్పి చూసే ముందు, కిడ్నీ మార్చుకున్న రైతు అయితే, “చేతులు చూపించు బాబాయి” అని అడుగుతున్నాను. మీ ఊళ్లో అట్లాంటివారు ఉంటే ఈ విషయం వారి చెవిన వేయండి. మచ్చ దాచవద్దని, మందు మానవద్దని, ఎండకు కప్పుకోమని చెప్పండి. పంట ఒక ఏడాది పోయినా మరుసటి ఏడు వస్తుంది. తోబుట్టువు ఇచ్చిన కిడ్నీ పోతే మళ్లీ ఇచ్చేవారు దొరకడం కష్టం.